ఇంట్లో మొదటి పిస్టల్: కొనేముందు మేము చూసుకున్నవి

కాస్త పెద్ద పోస్టు, బ్రేక్‌లో కూర్చుని చదువుకోండి. మేము పిస్టల్ కొన్నామని తెలిసినప్పటి నుంచి ఇన్‌బాక్స్ నిండిపోయింది. "ఏ మోడల్ అన్నా?", "ఎంత పడింది వదినా?", "మా రూమ్మేట్‌ది హెచ్‌1బి, వాడూ కొనొచ్చా?" ఒక్కొక్కరికీ రాయలేక ఇక్కడే రాస్తున్నాం.

మేమిద్దరం డల్లాస్ పక్కన ఉంటాం. మాలో ఆయనది వేర్‌హౌస్‌లో నైట్ షిఫ్ట్, ఆమెది పగలు స్టోర్‌లో కౌంటర్ పని. ఏడేళ్ళ పాప. మరిది హెచ్‌1బి మీద మాతోనే ఉంటాడు. అత్తమ్మ విజిటర్ వీసా మీద వచ్చి కొన్ని నెలలు ఉండి వెళ్తుంది. గ్రీన్ కార్డులు ఉన్నది మా ఇద్దరికే. మా ఇంటి లెక్కంతా ఎందుకు అంటారా? ఏ పిస్టల్ కొనాలో మాకు సగం ఈ లెక్కే చెప్పింది.

మా వీధిలో రెండిళ్ళలో దొంగలు పడ్డారు. మనవాళ్ళ ఇళ్ళంటే బంగారం ఉంటుందని ఇక్కడి దొంగలకి ఎప్పుడో తెలిసిపోయింది. అందుకని మేము మొదట కొన్నది పిస్టల్ కాదు. బంగారం బ్యాంకు లాకర్‌కి వెళ్ళింది. ముందు తలుపు గడియ పట్టే ఇనుప పట్టీకి ఉన్న పొట్టి స్క్రూలు తీసేసి మూడంగుళాలవి బిగించాం. పది డాలర్ల లోపు పని. బయట కదలికకి వెలిగే లైట్లు పెట్టాం. ఇవి చెయ్యకుండా తిన్నగా గన్ షాపుకి వెళ్ళేవాళ్ళని చూస్తే మాకు నవ్వొస్తుంది. ఇవన్నీ అయ్యాక కూడా ఆయన షిఫ్ట్‌కి వెళ్ళిన రాత్రుళ్ళు ఆమెకి నిద్ర పట్టలేదు. అప్పుడు పిస్టల్ మాట వచ్చింది.

ముందు చట్టం. ఇది వదిలేసి మిగతాది చదవొద్దు. హెచ్‌1బి, ఎఫ్‌1, ఎల్‌1, విజిటర్ లాంటి నాన్ ఇమ్మిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ గానీ బుల్లెట్లు గానీ దగ్గర పెట్టుకోకూడదు. ఇది ఫెడరల్ చట్టం. టెక్సస్‌లో 2021 సెప్టెంబర్ నుంచి 21 ఏళ్ళు దాటినవాళ్ళు పర్మిట్ లేకుండానే పిస్టల్ పెట్టుకు తిరగొచ్చు కదా అని మనవాళ్ళు అంటుంటారు. అది ఫెడరల్ చట్టం ప్రకారం అర్హత ఉన్నవాళ్ళకే. కొన్ని మినహాయింపులు ఉన్నాయి. మనవాళ్ళకి పనికొచ్చేది ఒకటి: ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్స్ ఉంటే ఈ నిషేధం వర్తించదు. ఆ దారిన కొన్నవాళ్ళు ఉన్నారు, అది తప్పు కాదు. కాకపోతే ఆ లైసెన్స్ గడువు తీరిన రోజున ఇంట్లో ఉన్న పిస్టలే కేసు అవుతుంది. ఆ దారిన వెళ్ళేవాళ్ళు ముందు ఇమ్మిగ్రేషన్ లాయర్‌కి ఫీజు కట్టండి, తర్వాత షాపుకి వెళ్ళండి.

"కొనను, రేంజ్‌లో అద్దెకి తీసుకుని నాలుగు రౌండ్లు కాలుస్తా" అంటారు కుర్రాళ్ళు. చేతిలో పట్టుకున్నా పొసెషనే. 2019లో సుప్రీంకోర్టులో తీర్పు వచ్చిన రెహైఫ్ కేసు మొదలైంది అలాగే. స్టూడెంట్ వీసా మీద వచ్చిన మనిషి, చదువు ఆగి స్టేటస్ పోయాక, ఫ్లోరిడాలో ఒక రేంజ్‌కి వెళ్ళి కాల్చాడు. కేసు పడింది. తన స్టేటస్ పోయిందని అతనికి తెలుసని ప్రభుత్వం రుజువు చెయ్యాలని చెప్పి సుప్రీంకోర్టు కింది తీర్పుని పక్కన పెట్టింది. అక్కడిదాకా పోరాడే ఓపిక, డబ్బు మనలో ఎంతమందికి ఉన్నాయి? ఈ నేరానికి 15 ఏళ్ళ దాకా జైలు ఉంది, తర్వాత దేశం నుంచి పంపించెయ్యడం కూడా.

ఇంకో మాట కూడా ఓపెన్‌గా రాసేస్తున్నాం. "వదినా, మీ పేరు మీద ఒకటి తీసుకోండి, డబ్బులు నేనిస్తా" అని అడిగినవాళ్ళు ఉన్నారు. షాపులో నింపే 4473 ఫారంలో మొదటి ప్రశ్నల్లోనే ఉంటుంది, ఇది నిజంగా నీ కోసమే కొంటున్నావా అని. ఇంకొకరి కోసం కొని అక్కడ అవును అని రాస్తే అది స్ట్రా పర్చేజ్. 2022లో దానికి విడిగా చట్టమే వచ్చింది, శిక్ష అక్కడా 15 ఏళ్ళ దాకా. తమ్ముడైనా సరే, కొనిపెట్టం.

గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళకి దారి తేలికే. షాపులో పిస్టల్ కొనాలంటే 21 నిండాలి, ఇప్పుడున్న అడ్రస్‌తో డ్రైవింగ్ లైసెన్స్, గ్రీన్ కార్డు కావాలి. ఎఫ్‌బీఐ చెక్‌లో వెంటనే ఓకే రావచ్చు, డిలే అని కూడా రావచ్చు. మాకు డిలే వచ్చింది, తర్వాత ఓకే అయ్యింది. కంగారు పడకండి. ఇదంతా టెక్సస్ సంగతి. న్యూజెర్సీలో ఉన్నవాళ్ళకి పిస్టల్‌కి ముందే పర్మిట్ కావాలి, మ్యాగజైన్‌లో 10కి మించకూడదు. కాలిఫోర్నియాలో పరీక్ష రాసి సర్టిఫికెట్ తెచ్చుకోవాలి, పది రోజులు ఆగాలి. మీ రాష్ట్రం రూల్స్ మీరు చూసుకోండి.

ఇప్పుడు మా ఇంటి లెక్కకి వద్దాం. ఆయన డ్యూటీలో ఉంటే రాత్రిపూట ఇంట్లో నలుగురు. వాళ్ళలో చట్టప్రకారం ఆ పిస్టల్ పట్టుకోగలిగింది ఆమె ఒక్కతే. మరిది పట్టుకోకూడదు. అత్తమ్మ పట్టుకోకూడదు. లాకర్ కోడ్ కూడా వాళ్ళకి తెలియకూడదు, ఎందుకంటే తీసుకునే వీలున్నా వాళ్ళ దగ్గర ఉన్నట్టే అని కేసు కట్టే అవకాశం ఉంది. మరిది మొదట కొంచెం నొచ్చుకున్నాడు, "నా మీద నమ్మకం లేదా వదినా" అని. నమ్మకం కాదురా, నీ వీసా అని చెప్తే అర్థం చేసుకున్నాడు. అంటే కొనే పిస్టల్ ఆమె చేతికి సరిపోవాలి. ఆయనకి ఏది నచ్చిందనేది రెండో సంగతి.

ఊళ్ళో మేము దగ్గర నుంచి చూసిన తుపాకీ బ్యాంకు గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన డబుల్ బ్యారెల్ ఒక్కటే. అందుకని కొనకముందే ఒక బేసిక్ క్లాసుకి వెళ్ళాం. అక్కడ పాఠం జెఫ్ కూపర్ చెప్పిన నాలుగు సూత్రాలతో మొదలైంది. ప్రతి గన్నూ లోడ్ అయి ఉందనే అనుకో. పాడుచెయ్యడానికి సిద్ధంగా లేనిదాని వైపు మూతి తిప్పకు. గురి కుదిరేదాకా ట్రిగ్గర్ మీద వేలు పెట్టకు. గురి ఏమిటో, దాని వెనకాల ఏముందో తెలుసుకో. సెమీ ఆటోమేటిక్‌లో కొత్తవాళ్ళకి ప్రాణాల మీదకి తెచ్చేది ఇంకొకటుంది. మ్యాగజైన్ బయటికి తీసినా చాంబర్‌లో ఒక బుల్లెట్ ఉండిపోవచ్చు. మ్యాగజైన్ తియ్యాలి, స్లైడ్ వెనక్కి లాగి ఆపాలి, కంటితో చూడాలి, వేలితో తడమాలి. గ్లాక్ లాంటివి శుభ్రం చెయ్యడానికి విప్పాలంటే ట్రిగ్గర్ నొక్కాల్సి వస్తుంది కాబట్టి ఇది ఇంకా ముఖ్యం.

తర్వాత రేంజ్‌లో అద్దెకి తీసుకుని నాలుగు రకాలు కాల్చి చూశాం. షాపులో కుర్రాడు ఆమెని చూడగానే చిన్నది తీసి ఇచ్చాడు, సిగ్ పీ365. ఆడవాళ్ళకి చిన్న గన్ అనేది ఇక్కడ ప్రతి షాపులో వినిపించే మాట. జేబులో పెట్టుకు తిరగడానికి మంచిదే గానీ, చిన్నగా తేలిగ్గా ఉన్నకొద్దీ కాల్చినప్పుడు చేతిలో ఎగురుతుంది. రెండు మ్యాగజైన్లు కాల్చేసరికి ఆమె అరచెయ్యి ఎర్రబడింది. ఇంట్లో ఉంచుకునేదానికి చిన్నది ఎందుకు? అదే 9 ఎంఎం బుల్లెట్, కొంచెం బరువున్న గ్లాక్ 19లో చాలా మెత్తగా అనిపించింది. 45 క్యాలిబర్‌లో 1911 రకం ఒకటి ఆయన ముచ్చటపడి కాల్చాడు. బాగుంది, కానీ దెబ్బ గట్టిగా ఉంది, బుల్లెట్ల ఖర్చు ఎక్కువ. 9 ఎంఎం అయితే అందుబాటు ధరలో దొరుకుతుంది కాబట్టి నెలనెలా ప్రాక్టీస్ చెయ్యగలం. ప్రాక్టీస్ చెయ్యలేని పిస్టల్ మనకి దండగ.

ఆమెకి అసలు ఇబ్బంది స్లైడ్ లాగడంలో వచ్చింది. స్మిత్ అండ్ వెసన్ షీల్డ్ ఈజెడ్ అని ఒకటుంది, స్లైడ్ తేలిగ్గా లాగడం కోసమే చేసింది. పిడి వెనకాల గ్రిప్ సేఫ్టీ ఉంటుంది, గట్టిగా పట్టుకుంటేనే పేలుతుంది. మ్యాగజైన్‌లో 8 బుల్లెట్లు. దాదాపు అదే తీసుకోబోయాం. అప్పుడు క్లాసు చెప్పిన పెద్దావిడ, వయసు అరవై పైనే ఉంటుంది, ఒక కిటుకు చూపించింది. బొటనవేలు, చూపుడువేలితో లాగొద్దు. స్లైడ్‌ని ఎడమ చేత్తో పైనుంచి మొత్తం పట్టుకుని, కుడి చేత్తో పిస్టల్‌ని ముందుకి తొయ్యాలి. రోలు దగ్గర బలం వేళ్ళతో రాదు, భుజంతో వస్తుంది కదా, అలాగ. మూడోసారికి ఆమెకి వచ్చేసింది. మణికట్టు వదులుగా పెడితే స్లైడ్ పూర్తిగా వెనక్కి వెళ్ళక జామ్ అవుతుందని కూడా అక్కడే తెలిసింది.

చివరికి గ్లాక్ 19 తీసుకున్నాం. బ్యారెల్ నాలుగంగుళాలు, మ్యాగజైన్‌లో 15. పిడి వెనక పట్టీలు మార్చుకోవచ్చు, అవేమీ పెట్టకపోతే ఆమె వేలు ట్రిగ్గర్‌కి సరిగ్గా అందింది. దీనికి పక్కన బటన్ లాంటి సేఫ్టీ ఉండదు, ట్రిగ్గర్ నొక్కితే పేలుతుంది. అది మీకు భయమనిపిస్తే ఈజెడ్ లాంటిదే తీసుకోండి, అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. వేళ్ళ కీళ్ళు నొప్పులున్న అక్కలకి మేము కూడా ఈజెడ్ పేరే చెప్తాం.

ఇక గోడల సంగతి. మనూళ్ళో తొమ్మిదంగుళాల ఇటుక గోడ. ఇక్కడ గదికీ గదికీ మధ్య ఉన్నది చెక్క ఫ్రేముకి కొట్టిన రెండు జిప్సం అట్టలు. 9 ఎంఎం బుల్లెట్ అలాంటి గోడలు కొన్నింటిని దాటుకుని పోతుంది. హాలోపాయింట్ బుల్లెట్ ఒంట్లో దిగితే విచ్చుకుని ఆగే అవకాశం ఎక్కువ. అందుకే రేంజ్‌కి మామూలు రాగి తొడుగు బుల్లెట్లు, ఇంట్లోకి హాలోపాయింట్ అంటారు. కానీ గురి తప్పితే అదీ గోడ దాటుతుంది. మా బెడ్రూమ్ తలుపు నుంచి హాల్ వైపు గీత గీసుకుని చూస్తే ఆ గీత చివర పాప గది వచ్చింది. ఆ రోజు సాయంత్రమే పాప మంచం ఇంకో గదిలోకి మార్చాం.

మాకు దొంగ కంటే ఎక్కువ భయం పెట్టింది తెల్లవారుజాము. ఆయన షిఫ్ట్ దిగి ఇంటికొచ్చేది నాలుగు గంటలకి. అత్తమ్మ లేచి చీకట్లోనే వంటింట్లోకి వెళ్ళేది దాదాపు అదే టైముకి, లైటు వేస్తే పిల్ల లేస్తుందని. నిద్రలో ఉన్న మనిషికి ఆ చప్పుడు ఎవరిదో ఎలా తెలుస్తుంది? అందుకని కొన్ని పద్ధతులు పెట్టుకున్నాం. ఆయన వాకిట్లోంచి ఫోన్ చేసి, ఆమె ఎత్తాకే తలుపు తీస్తాడు, ఓవర్‌టైమ్ అయి ఆరింటికి వచ్చినా సరే. హాల్లో, వంటింట్లో రాత్రంతా చిన్న లైట్లు వెలుగుతుంటాయి. పిస్టల్ పక్కన విడిగా టార్చి ఉంది, మొహం కనపడకుండా మూతి ఎటూ తిరగదు. చప్పుడైతే ఆమె పాపని, అత్తమ్మని తీసుకుని తన గదిలోకి వెళ్ళి తలుపేసుకుంటుంది, 911కి ఫోన్ చేస్తుంది, మరిది కూడా అదే గదిలోకి వస్తాడు. ఎవరూ ఇల్లంతా వెతకడానికి పోరు. టీవీ పోతే పోనీ. పోలీసులు లోపలికి వచ్చేసరికి పిస్టల్ చేతిలో ఉండకూడదు.

లాకర్ మంచం పక్కన నేలకి బోల్టులతో బిగించాం, నంబర్ నొక్కితే తెరుచుకుంటుంది. టెక్సస్‌లో 17 ఏళ్ళలోపు పిల్లల చేతికి లోడైన గన్ అందేలా అజాగ్రత్తగా వదిలితే పెద్దవాళ్ళ మీద కేసు. పాపకి గట్టిగా చెప్పాం, ఎవరింట్లో కనిపించినా ముట్టుకోవద్దు, అక్కడినుంచి వెళ్ళి పెద్దవాళ్ళని పిలువు అని. పాప ఆడుకోవడానికి వెళ్ళే ఇళ్ళలో గన్ ఉందా, తాళం వేసి ఉందా అని మేము కూడా అడుగుతున్నాం. మొహమాటం పోయింది.

ఊరికి వెళ్ళేవాళ్ళు ఇది గుర్తుంచుకోండి. రేంజ్‌కి ఒక బ్యాగు విడిగా పెట్టుకోండి, దాన్ని ప్రయాణానికి ఎప్పుడూ వాడొద్దు. జేబు మూలలో మర్చిపోయిన ఒక్క బుల్లెట్ శంషాబాద్‌లో స్కానింగ్‌లో కనపడితే ఆర్మ్స్ యాక్ట్ కింద కేసు, పాస్‌పోర్టు పట్టుకుని కోర్టు చుట్టూ తిరగాలి. అందులోనూ 9 ఎంఎం మన దగ్గర ప్రొహిబిటెడ్ బోర్.

ఖర్చు అడిగారు కాబట్టి: పిస్టల్ ఐదొందల నుంచి ఆరొందల మధ్య, లాకర్, చెవి మఫ్లు, కళ్ళద్దాలు, క్లాసు ఫీజు, మొదటి రెండు మూడు నెలల బుల్లెట్లు కలిపితే వెయ్యి దాటింది. చెవులకి మంచివి కొనండి. పిస్టల్ మోత 160 డెసిబెల్స్ దాకా ఉంటుంది, లోపలి రేంజ్‌లో అయితే దూదిలాంటి ప్లగ్గులు పెట్టి పైన మఫ్లు కూడా పెట్టుకోవాలి. బుల్లెట్లలో సీసం ఉంటుంది, ఆ దుమ్ము చేతులకీ బట్టలకీ అంటుతుంది. చేతులు సబ్బుతో కడిగి, ఇంటికి రాగానే బట్టలు మార్చి, అప్పుడే పిల్లల్ని ఎత్తుకోండి.

నెలలో రెండో ఆదివారం మేము రేంజ్‌కి వెళ్తాం. గ్రీన్ కార్డు గానీ సిటిజన్‌షిప్ గానీ ఉండి, కొనేముందు ఒకసారి పట్టుకుని చూద్దామనుకునే అక్కలు, అన్నలు మెసేజ్ పెట్టండి, కలిసి వెళ్దాం. మూసి ఉన్న బూట్లు వేసుకోండి. మెడ దగ్గర వెడల్పుగా ఉండే కుర్తీలు వద్దు, కాల్చిన ఖాళీ తూటా ఎగిరి లోపల పడితే భగ్గుమంటుంది, కంగారులో చేతిలో పిస్టల్ ఎటు తిరుగుతుందో తెలియదు. చున్నీ కారులోనే వదిలి రండి.