ముక్క ఎక్కడ తెగింది?

నెట్‌వర్క్‌లో గొడవ వస్తే సర్వర్ వాళ్లు చేసే మొదటి పని క్యాప్చర్ పెట్టి వదిలేయడం. ఒక గిగాబిట్ లింకు నిండుగా నడిస్తే సెకనుకు 125 మెగాబైట్లు, గంటకు 450 గిగాబైట్లు. డిస్కు పాపం, ఎంతయినా మింగుతుంది. తెరిచి చూడాల్సిన లాప్‌టాప్ వల్ల కాదు. క్యాప్చర్‌ను విప్పి చూపించే వైర్‌షార్క్ మొదటి ప్యాకెట్ నుంచి చివరిదాకా చదివి, ఏది ఏ సంభాషణకు చెందిందో ర్యామ్‌లో గుర్తు పెట్టుకుంటుంది. పెద్ద ఫైలిస్తే ఫ్యాను మోత తప్ప ఏమీ వినపడదు.

కాబట్టి కోయాలి. యూనిక్స్‌లో ఉండే స్ప్లిట్ కమాండుతో కోస్తే మొదటి ముక్క ఎలాగో తెరుచుకుంటుంది, తక్కినవి మొండికేస్తాయి. క్యాప్చర్ దాచే పీక్యాప్ ఫైలు నెత్తిన 24 బైట్ల హెడర్ ఉంటుంది. ఆపైన ప్రతి ప్యాకెట్‌కూ ముందు 16 బైట్ల చీటీ: ఎప్పుడు దొరికింది, ఎంత దొరికింది, అసలు పొడవెంత. స్ప్లిట్‌కు ఇవేమీ పట్టవు. వైర్‌షార్క్‌తోపాటే వచ్చే ఎడిట్‌క్యాప్‌కు పడతాయి. ఇన్ని ప్యాకెట్లకో, ఇన్ని సెకన్లకో ఒక ఫైలు చొప్పున, ప్రతి ముక్కకూ సొంత హెడర్ పెట్టి ఇస్తుంది.

ఇంతటితో పని అయిందనుకుంటారు చాలామంది. నాకు పేచీ ఇక్కడే. గడియారం చూసి కోసిన ముక్క చక్కగా తెరుచుకుంటుంది, చక్కగా అబద్ధమూ చెబుతుంది. టీసీపీలో రెండు పక్షాలూ తమ షరతులు తొలి పలకరింపులోనే చెప్పుకుంటాయి, మళ్లీ ఎత్తవు. విండో సైజుకు ఫీల్డులో ఉన్నవి 16 బిట్లే, అంటే 65,535 దాటదు. అందుకే దాన్ని ఎంతతో హెచ్చవేయాలో ఆ పలకరింపు మొదలుపెట్టే సిన్ ప్యాకెట్‌లోనే చెప్పేస్తారు. ఫీల్డులో 502 ఉండి, హెచ్చవేత 128 అయితే అసలు విండో 64,256 బైట్లు. సిన్ ముందు ముక్కలో ఉండిపోయిందా, తర్వాతి ముక్కలో కనిపించేది ఉత్త 502. తాంబూలాల నాటి మాటలు తెలియని చుట్టం పెళ్లిపందిట్లో పంచాయతీ తీర్చినట్టు, ‘అవతలి సర్వర్ ఊపిరాడక ఉంది’ అని రిపోర్టు రాసేస్తారు. సంభాషణకు తాళం వేసే టీఎల్ఎస్ అయితే మరీ ఘోరం. తాళాల ఫైలు చేతిలో ఉన్నా, ఏ తాళం దేనిదో చెప్పే తొలి సందేశం లేకపోతే ఒక్క అక్షరం విప్పలేం.

కోయాల్సింది సంభాషణ చొప్పున. గొడవపడుతున్న రెండు ఐపీ అడ్రసులు తెలిస్తే చాలు, పెద్ద ఫైలును టీసీపీడంప్‌కిచ్చి వాటి మధ్య నడిచినవి మాత్రం వేరే ఫైల్లో రాయించుకోవచ్చు. 1988 నాటి పనిముట్టు. ఒక్కో ప్యాకెట్‌నే చదివి వదిలేస్తుంది కనుక ర్యామ్ బెడద లేదు. పోర్టు నంబరుతో మాత్రం వడకట్టకండి. ముక్కలైన ఐపీ ప్యాకెట్లలో మొదటిదానికి తప్ప పోర్టు ఉండదు, మిగతావి జారిపోతాయి.

అడ్రసులే తెలియనప్పుడు గడియారం మీద కోయక తప్పదు, ఒప్పుకుంటాను. అప్పుడైనా, తప్పు జరిగిన నిమిషం ముక్కొక్కటే పంపి చేతులు దులుపుకోకండి. ఆ కనెక్షన్ మొదలైన ముక్కను కూడా జతచేయండి.