43 సామాన్లు, ఒక గొంగడి

పోయిన సెమిస్టర్ సెలవుల్లో మా డాడీ లారీ కొన్నాడు. కొత్తది కాదు, సెకండ్ హ్యాండ్. పదహారేళ్లు వేరేవాళ్ల బండ్లు నడిపిన మనిషి మొదటిసారి తన బండి తాళంచెవి జేబులో వేసుకున్నాడు. మాది మిర్యాలగూడ. రైస్ మిల్లుల ఊరు కాబట్టి లోడుకు కొదవ లేదు. కొదవల్లా నెలనెలా కట్టాల్సిన కిస్తీకే.

మొదటి లోడు బెంగళూరుకు, బియ్యం. క్లీనర్‌గా వస్తానన్న అబ్బాయి ఆఖరి రోజు రానన్నాడు. నాకెలాగూ సెలవులే కదా, "నేనొస్తా" అన్నాను. ఆడపిల్ల లారీలో ఏంటని అమ్మ ఒప్పుకోలేదు. పొద్దున లేచాక తనే వచ్చి, "సరే పో. కానీ పక్కన కూసొని మాట్లాడుతనే ఉండు. డాడీని నిద్రపోనియ్యకు" అంది.

అమ్మ ఎందుకలా అందో నాకు తెలుసు. మూడు నెలల ముందు వేరే ఓనర్ బండి నడుపుతూ తెల్లవారుజామున డాడీకి కునుకు పట్టింది. బండి డివైడర్ ఎక్కి ఆగింది. ఎవరికీ ఏం కాలేదు. ఇంట్లో మాత్రం "టైరు పగిలింది" అని చెప్పాడు. అమ్మ నమ్మినట్టే నటించింది. నేను కూడా.

సీఎస్ఈ స్టూడెంట్‌ని కదా, భయమేస్తే ఎక్సెల్ షీట్ ఓపెన్ చేస్తాను. బండిలో రోజులు గడపాలంటే ఏమేం కావాలి అని ఇంగ్లీషులో సెర్చ్ కొట్టాను. వచ్చినవన్నీ మోటార్‌హోమ్‌ల లిస్టులు. మోటార్‌హోమ్ అంటే లోపలే మంచం, వంటగది, బాత్రూమ్ ఉన్న బండి. కొత్తగా కొన్నవాళ్లు నీళ్ల పైపు, మురుగు నీళ్ల పైపు, బండి సమంగా నిలబడటానికి చక్రాల కింద దిమ్మెలు, కరెంటు హెచ్చుతగ్గుల నుంచి కాపాడే డబ్బా కొనుక్కోవాలని రాసి ఉంది. చదివి నవ్వుకున్నాను. తర్వాత ఆలోచిస్తే, మా డాడీ నెలలో ఇరవై రోజులు పడుకునేది, తినేది, బట్టలు ఆరేసుకునేది బండి దగ్గరే. బాత్రూమ్ లేదన్న మాటే గానీ అది కూడా ఇల్లే.

రెండు గంటల్లో లిస్టు తయారైంది. మొత్తం 43 సామాన్లు. డాడీకి చదివి వినిపించాను. స్టెప్నీ, జాకీ, వీల్ స్పానర్, టామీ రాడ్, టార్పాలిన్, తాళ్లు, ఫ్యూజులు, బల్బులు, ఫ్యాన్ బెల్ట్, గ్రీజు డబ్బా అన్నింటికీ తల ఊపాడు. దిమ్మెల దగ్గర ఆపి, "అవి మనకూ ఉంటయి. ఘాట్‌లో ఆపితే చక్రం వెనక పెట్టకపోతే హ్యాండ్ బ్రేక్‌ను నమ్మలేం" అన్నాడు. ఎర్ర త్రికోణం, మంటలార్పే సిలిండర్, ఫస్ట్ ఎయిడ్ డబ్బా క్యాబిన్‌లో చేతికందేచోట ఉండాలన్నాడు. అవి సామాన్ల అడుగున ఉంటే లేనట్టే.

స్టౌ గురించి మాత్రం గట్టిగా చెప్పాడు. చిన్న గ్యాస్ సిలిండర్ పెట్టుకోవచ్చు గానీ, వంట ఎప్పుడూ బండి దిగి, గాలికి అడ్డంగా ఏదైనా పెట్టుకొని కిందే చేయాలి. వాన పడుతోందనో చలేస్తోందనో క్యాబిన్ అద్దాలు మూసి లోపల వెలిగించకూడదు. లీకైతే మంట అంటుకుంటుంది. లీకవకపోయినా మూసిన చోట కార్బన్ మోనాక్సైడ్ పేరుకుంటుంది. దానికి వాసన కూడా ఉండదు. అందులో పడుకున్నవాళ్లు మళ్లీ లేవరు.

నీళ్ల డబ్బాలు రెండు, ఇరవై లీటర్లవి. మా జిల్లా వాళ్లకు నీళ్ల సంగతి వేరేగా చెప్పక్కర్లేదు. ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని కెమిస్ట్రీలో చదువుకునే ముందే, వంగిపోయిన కాళ్లను మన ఊళ్లలో చూశాం. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తీసే పద్ధతిని నాగపూర్‌లోని నీరి సంస్థ తయారుచేస్తే దానికి పేరే 'నల్లగొండ టెక్నిక్' అని పెట్టారు. ఇప్పుడు నల్లాలో కృష్ణా నీళ్లు వస్తున్నా డాడీకి దారిలో కనిపించిన బోరు దగ్గర తాగే అలవాటు రాలేదు. ఇంట్లో నింపిన నీళ్లే తాగుతాడు.

ఇక నేను అడగలేక అడగలేక ఆగిన విషయం బాత్రూమ్. అడగాల్సిన అవసరం రాలేదు. బయల్దేరే ముందు డాడీ నా చేతిలో ఒక కాగితం పెట్టాడు. ఈ దారిలో ఆడవాళ్లకు శుభ్రమైన బాత్రూమ్ ఉన్న పెట్రోల్ బంకులు ఏవో తోటి డ్రైవర్లకు ఫోన్లు చేసి కనుక్కొని, వరుసగా రాసుకున్నాడు. అన్నేళ్లుగా అదే దారిలో తిరుగుతున్నా ఎప్పుడూ అటు చూడలేదట. ఆ కాగితం నా ఎక్సెల్ షీట్‌లో లేని సామాను.

సాయంత్రం ఆరింటికి కదిలాం. 167 నంబరు జాతీయ రహదారి మీద హాలియా, మల్లేపల్లి, కల్వకుర్తి మీదుగా జడ్చర్ల. అక్కడ 44 నంబరు రోడ్డు ఎక్కి కర్నూలు, అనంతపురం, బెంగళూరు. మొత్తం ఆరు వందల కిలోమీటర్ల పైనే. జడ్చర్ల దాటాక రోడ్డు పక్కన ఊళ్లోనే మా అమ్మమ్మ ఉంటుంది. పదకొండున్నరకు అక్కడ ఆపాం. పదినిమిషాలు ఆగి, రొట్టెలు తీసుకొని, రాత్రికి రాత్రే కర్నూలు దాటాలని డాడీ ప్లాను. తొందరగా దించితే తొందరగా ఇంకో లోడు దొరుకుతుంది.

అమ్మమ్మ రొట్టెల మూట పట్టుకొని బండి దగ్గరికొచ్చి, చెయ్యి పట్టుకొని క్యాబిన్ ఎక్కించమంది. లోపల టార్చ్ వేసి చూసింది. నా 43 సామాన్లు చాలా నీటుగా సర్దాను. చూసి మెచ్చుకుంటుంది అనుకున్నాను.

"మీ నాయిన యాడ పంటడు బిడ్డా?" అంది.

అప్పుడు చూశాను. డ్రైవర్ సీటు వెనకాల పడుకునే బల్ల ఉంటుంది. ఆ బల్ల అంతా నేనే నింపాను. మడత కుర్చీ, రెండో స్టౌ, బకెట్లు, నాలుగు రకాల డబ్బాలు, గూగుల్ చెప్పిన షూ ర్యాక్ కూడా. డాడీ చూసి కూడా ఏం అనలేదు. ఆ రాత్రి పడుకునే ఉద్దేశం ఆయనకు లేదు కాబట్టి.

అమ్మమ్మ పాలమూరు లేబర్‌లో పనిచేసిన మనిషి. వయసులో ఉన్నప్పుడు గుంపు మేస్త్రీ వెంట వానాకాలం పంట అయిపోగానే వెళ్లి, మళ్లీ వానలకు తిరిగొచ్చేది. డ్యాములు, కాలువలు కట్టే పని. ఏ రాష్ట్రంలో ఉందో కూడా తెలియకుండా నెలలు నెలలు గుడిసెల్లో ఉండేవాళ్లు. "నెత్తి మీద మోసేటిది గదా, ప్రతిదాని బరువు తెలుస్తుండె. కుండ, రొట్టెల పెంక, ఉప్పుకారం, సూదిదారం, గొంగడి. పండే జాగ మొదాలు చూసుకున్నంకనే పొయ్యి పెడుతుంటిమి. నిద్ర లేకుంట తట్ట మోస్తే కాలు జారుతది" అంది.

అలా అంటూనే ఒక్కొక్కటీ కిందికి అందించింది. పందొమ్మిది సామాన్లు దిగాయి. బల్ల ఖాళీ అయింది. లోపలికెళ్లి నల్ల గొంగడి తెచ్చి పరిచింది. అది గొర్రె బొచ్చుతో నేసిన పాత గొంగడి. కింద వేస్తే పరుపు, కప్పుకుంటే దుప్పటి, వానొస్తే నెత్తిమీద కొప్పెర.

డాడీ, "అత్తమ్మా, లేటయితది" అన్నాడు.

నేను అప్పుడు చెప్పేశాను. "డాడీ, అది టైరు కాదని నాకు తెలుసు. అమ్మకు కూడా తెలుసు."

ఆయన ఏం మాట్లాడలేదు. కాసేపు స్టీరింగ్ మీద చెయ్యి పెట్టుకొని కూర్చున్నాడు. తర్వాత చెప్పులు విప్పి బల్ల మీద పడుకున్నాడు. ఐదు నిమిషాల్లో గురక. పొద్దున ఐదింటి వరకు లేవలేదు. నేను ముందు సీట్లో మేలుకొని ఉన్నాను. నిద్రపోనియ్యకు అని నన్ను పంపించారు, నేనేమో నిద్రపోతుంటే కాపలా కాశాను.

రాత్రి రెండు నుంచి ఐదు వరకు ఒళ్లు నిద్ర అడిగే సమయం. టీ తాగినా, పాటలు పెట్టినా, మొహం కడుక్కున్నా దాన్ని కాసేపు వాయిదా వేయగలం, అంతే. డ్రైవర్లకు రోజుకు 8 గంటలే పని అని 1961లోనే చట్టం చేశారు. 2025లో కొత్తగా తయారయ్యే పెద్ద లారీలకు ఏసీ క్యాబిన్ తప్పనిసరి చేశారు. మా బండి అంతకు ముందుది, ఇక మా ఓనరూ డ్రైవరూ ఒక్కరే. ఎక్కువ పనిచేయిస్తున్నాడని ఎవరి మీద కంప్లెయింట్ ఇవ్వాలి?

బెంగళూరులో గోదాం ముందు లైన్లో ఒక పగలు, ఒక రాత్రి ఆగాం. అక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. లారీలో రెండు 12 వోల్టుల బ్యాటరీలు కలిపి 24 వోల్టులు వస్తాయి. చిన్న ఇన్వర్టర్ పెట్టి రాత్రంతా ల్యాప్‌టాప్, ఫ్యాన్ నడిపాను. ల్యాప్‌టాప్ 65 వాట్లు, అంటే మూడు ఆంపియర్లు, పర్లేదులే అని లెక్క వేశాను. బ్యాటరీలు పాతవన్న సంగతి లెక్కలో లేదు. పొద్దున ఇంజిన్ స్టార్ట్ కాలేదు. లోడు బండిని తోయలేం. పక్క లారీ అన్న కేబుళ్లు తగిలించి స్టార్ట్ చేసిచ్చాడు. తమిళంలో ఏదో అన్నాడు, తిట్టాడో నవ్వాడో తెలియదు. ఆ కేబుళ్లు ఇప్పుడు మా లిస్టులో ఉన్నాయి.

ఇప్పుడు లిస్టులో 26 సామాన్లు. మిగిలిన 24, కేబుళ్లు, గొంగడి. కొత్తగా బండి కొన్నవాళ్లు ఎవరైనా అడిగితే ఇస్తాను. కానీ ముందు పడుకునే చోటు కొలుచుకొని, మిగిలిన జాగాలో ఏం పడుతుందో చూసుకోమంటాను.

నేను మళ్లీ హాస్టల్‌కి వచ్చేశాను. డాడీకి క్లీనర్ దొరికాడు. డాడీ ఫోన్‌లో రాత్రి ఒకటిన్నరకు అలారం పెట్టి వచ్చాను, బండి పక్కకు తీసి పడుకోమని. పడుకునే ముందు నాకు గొంగడి ఫోటో పంపాలని రూలు. కొన్ని రాత్రులు వస్తుంది. కొన్ని రాత్రులు రాదు. రాని రాత్రి నేను ఫోన్ చేస్తాను. "ఆపుతున్నా, ఇగో ఆపుతున్నా" అంటాడు. ఇండికేటర్ టిక్కుటిక్కుమని వినిపించేదాకా నేను ఫోన్ పెట్టను.