బిల్డు సిస్టం ఎంపిక: ఒక తెలుగు అయ్యవారి ఆలోచనలు



తెలుగు పాఠాలు చెప్పుకునేవానికి బిల్డు సిస్టంతో పనేమిటని మీరు అడుగవచ్చును. మన పిల్లలకు అక్షరాలు నేర్పే ఉచిత ప్రోగ్రాములను వ్రాసేవారు ఎక్కడైనా ఒకరో ఇద్దరో ఉంటారు. ఉద్యోగరీత్యానో, తీరిక లేకనో వారు తప్పుకున్న నాడు ఆ ప్రోగ్రాము బ్రతుకుతుందా లేదా అన్నది చాలావరకు ఈ ఎంపిక మీదనే ఆధారపడి ఉంటుంది.

ప్రోగ్రామరు వ్రాసే సోర్సు కోడు కంప్యూటరు మీద నేరుగా నడవదు. ఏ ఫైళ్ళను కంపైలు చేయాలి, ఏ లైబ్రరీలను జతపరచాలి, బొమ్మలనూ ధ్వనులనూ ఎక్కడ చేర్చాలి అన్న క్రమమంతా వ్రాసిపెట్టి, ఆ ప్రకారం నడిచే ప్రోగ్రామును తయారుచేసే ఏర్పాటునే బిల్డు సిస్టం అంటారు.

మా హోసూరు ప్రాంతంలో కొన్నేళ్ళ క్రిందట ఒక దాత అక్షరాభ్యాసపు ప్రోగ్రాము ఒకటి చేసి ఇచ్చారు. పిల్లలు ఇష్టంగా వాడారు. తరువాత కొత్త విండోసు వచ్చింది, ప్రోగ్రాము నిలిచిపోయింది. సోర్సు కోడు మా దగ్గరే ఉన్నది. కాని దానిని నిర్మించే ఫైలులో ఆయన సొంత కంప్యూటరులోని ఫోల్డర్ల చిరునామాలే ఉన్నాయి. ఆయన తప్ప మరెవ్వరూ దానిని తిరిగి నిర్మించలేకపోయారు. గ్రంథం చేతిలో ఉండీ చదువరాని స్థితి అది.

2023లో నా పూర్వ విద్యార్థి ఒకడు అటువంటి ప్రోగ్రామునే కొత్తగా, స్వేచ్ఛా సాఫ్ట్‌వేరుగా వ్రాయ సంకల్పించాడు. అతడు వాడేది లినక్సు. బడిలో ఉన్నవి విండోసు యంత్రాలు. తల్లిదండ్రుల చేతులలో ఉన్నవి ఆండ్రాయిడ్ ఫోన్లు. మూడింటి మీదా నడవాలి. నేను ఒక్క ప్రశ్న వేశాను: “నువ్వు ఊరు విడిచి వెళితే దీన్ని ఎవరు కడతారు నాయనా?” అతడు కాసేపు ఆలోచించి, “దానికి జవాబు బిల్డు సిస్టంలో ఉంది అయ్యవారూ” అని, ఆ చరిత్ర అంతా నాకు చెప్పాడు. తరువాత నేనూ చదివి తెలుసుకున్నాను.

ఈ సాధనాలలో పాతది మేక్. పేరు వింటే మనకు మేక గుర్తుకు రావచ్చు గాని, 1976లో బెల్ లేబొరేటరీలో స్టూవర్ట్ ఫెల్డ్‌మన్ రచించిన మహోపకారి అది. ఫైళ్ళు మారిన సమయాలను సరిచూసి, మారినవాటినీ వాటిపై ఆధారపడినవాటినీ మాత్రమే తిరిగి నిర్మిస్తుంది. తరువాత వచ్చిన ఆటోటూల్స్ యూనిక్సు కుటుంబపు యంత్రాల మధ్య ఉండే తేడాలను కనిపెట్టి సర్దుకునేవి. అయితే అవి నడవాలంటే యూనిక్సు షెల్ కావాలి. విండోసులో అది సహజంగా ఉండదు.

1996లో మొదలైన కేడీఈ ప్రాజెక్టుకు ఈ చిక్కే వచ్చింది. వారి ఆటోటూల్స్ ఏర్పాటును పూర్తిగా ఎరిగినవారు బహుకొద్దిమంది. పైగా 2005లో క్యూటీ 4 వెలువడి, విండోసుకూ స్వేచ్ఛా లైసెన్సుతో లభించడంతో తమ ప్రోగ్రాములను అక్కడికీ చేర్చే అవకాశం కలిగింది. ఆ సంవత్సరం పైథాన్ భాషలో నడిచే ఎస్‌కాన్స్ వైపు మొగ్గారు. అంత పెద్ద ప్రాజెక్టుకు అది ఒదగలేదు. 2006 ఆరంభంలో సీమేక్‌ను పరీక్షించి, దానినే స్వీకరించారు. సీమేక్ వ్రాసే తీరు అందమైనదేమీ కాదు. కాని దానిని తయారుచేసిన కిట్‌వేర్ సంస్థవారు అడిగిన వెంటనే సహాయానికి వచ్చారు. 2008 జనవరిలో వెలువడిన కేడీఈ 4.0 దానితో నిర్మించినదే. సాధనం గుణం ఎంత ముఖ్యమో, సందేహం తీర్చేవారు ఉండటమూ అంతే ముఖ్యమని ఈ ఉదంతం చెబుతున్నది.

సీమేక్ పని తీరు మనకు సులభంగానే బోధపడుతుంది. హోసూరులోనూ, బళ్ళారిలోనూ, బరంపురంలోనూ మనం చెప్పే గుణింతం ఒక్కటే. కాని ఏ రాష్ట్రపు బడి పద్ధతి దానిదే. అయ్యవారు ఒకే పాఠాన్ని ఎక్కడికక్కడి పద్ధతికి అమర్చుకుంటారు. సీమేక్ కూడా ఒకే వివరణ ఫైలును చదివి, లినక్సులో మేక్ ఫైళ్ళను, విండోసులో విజువల్ స్టూడియో ఫైళ్ళను, మ్యాకులో ఎక్స్‌కోడ్ ఫైళ్ళను వ్రాసి ఇస్తుంది. అసలు నిర్మాణం ఆ స్థానిక సాధనాలే చేస్తాయి.

మా విద్యార్థికి మీసన్ అంటే మక్కువ. యుస్సి పక్కనెన్ రూపొందించిన ఈ సాధనపు వ్రాత పొందికైనది. నేను చదివినా కొంత అర్థమయింది. 2020లో వచ్చిన జీటీకే 4 దానితోనే నిర్మితమవుతుంది. అయినప్పటికీ అతడు చివరకు సీమేక్‌నే ఎంచుకున్నాడు. ప్రోగ్రాము క్యూటీతో వ్రాసినది. 2020 డిసెంబరులో వచ్చిన క్యూటీ 6 తానే సీమేక్‌కు మారింది. ఆండ్రాయిడ్ ప్యాకేజీ చేసే ఏర్పాట్లనూ దానితో కలిపి ఇస్తున్నది. పిల్లల విద్యా ప్రోగ్రాముల సంపుటి అయిన జీకాంప్రీ సైతం సీమేక్‌తో నిర్మించబడుతున్నది గనుక చూసి నేర్చుకోవడానికి నమూనా కూడా దొరికింది. తన మక్కువను ప్రక్కన పెట్టి, రాబోయేవారికి అనువైనదానిని ఎంచుకున్నందుకు నేను మనసులోనే ఆశీర్వదించాను.

సాధనం ఎంచుకున్నంత మాత్రాన పని ముగియదు. మా వాడు ధ్వని ఫైళ్ళకు ఆంగ్ల లిపిలో పేర్లు పెట్టాడు: చిన్నబడి అక్షరంతో మొదలైతే “త”, పెద్దబడి అక్షరంతో మొదలైతే “ట”. లినక్సులో అవి రెండు వేర్వేరు ఫైళ్ళు. విండోసు మాత్రం మామూలుగా చిన్నబడి పెద్దబడి భేదాన్ని పాటించదు. రెండింటినీ ఒకే పేరుగా ఎంచుతుంది. బడి యంత్రం మీద “ట” నొక్కితే “త” పలికింది! తెలుగు బడిలో ఇంతకంటె అపచారం ఉంటుందా? పేర్లు మార్చి సరిచేశాడు. అన్ని రకాల యంత్రాల మీదా కట్టి, నడిపి చూస్తేనే ఇటువంటివి బయటపడతాయి.

అప్పటినుండి ఒక నియమం పెట్టుకున్నాము. నిర్మాణ సూచనలు తెలుగులో ఒక పుటకు మించకూడదు. ప్రోగ్రాము వ్రాయని మనిషి, ఏమీ అమర్చి ఉంచని యంత్రం మీద, ఆ పుట ఒక్కటే చూసి దానిని నిర్మించగలగాలి. మొదటి పరీక్షకు కూర్చున్నది కళాశాలలో చదువుతున్న మరొక పూర్వ విద్యార్థిని. ఆమెకు ఒక పూట పట్టింది. ఆమె తడబడిన ప్రతిచోటా పుటను సవరించాము.

మీ బడికి ఎవరైనా తెలుగు ప్రోగ్రామును ఇవ్వవస్తే, కృతజ్ఞతతో స్వీకరించండి. సోర్సు కోడు ఇస్తారా, ఏ బిల్డు సిస్టంతో కట్టారు, వారు తప్ప ఇంకొకరు ఎవరైనా కట్టి చూశారా అని తప్పక అడగండి. మూడవ ప్రశ్నకు అవునన్న జవాబు రాకపోతే, మీ ఊరి పిల్లలలో కంప్యూటరు తెలిసిన ఒకరిని వారి ప్రక్కన కూర్చోబెట్టండి.