పంచమం ఆగితే టక్‌మనేది

తంబురా మీటడానికి అమ్మకు వేళ్లు సహకరించడం మానేశాయి. బజార్లో దొరికే శ్రుతిపెట్టెలో స్వయంభువుగా పలికే గాంధారం వినపడదంటుంది. అందుకని పాత ల్యాప్‌టాప్‌లో లైనక్స్ వేసి, తన ఐదున్నర శ్రుతికి తంబురా ప్రోగ్రాం నేనే రాశాను. ఆ గాంధారం పలకాలంటే తీగలో పుట్టే పై స్వరాలన్నీ ఉండాలి. ఒక్కో తీగకు 60 చొప్పున, మధ్యమం తీగతో కలిపి ఐదింటికి 300 చిన్న ఫిల్టర్లు పెట్టాను. మీటగానే ప్రతిదీ తన స్వరం పలికి, క్రమంగా సన్నగిల్లుతుంది.

నాదం అమ్మకు నచ్చింది. కానీ పాడుతుంటే ఉన్నట్టుండి ‘టక్’. పంటి కింద రాయి పడ్డట్టు ఆలాపన తెగిపోయేది.

సౌండ్‌కార్డు సెకనుకు 48,000 శాంపిళ్లు అడుగుతుంది. లైనక్స్‌లో ధ్వనిని నడిపే జాక్ సర్వర్‌లో బఫర్ 256 శాంపిళ్లు పెడితే, 5.3 మిల్లీసెకన్లకోసారి అన్ని అంకెలూ లెక్కకట్టి అప్పజెప్పాలి. ఒక్కసారి ఆలస్యమైనా చెవి పట్టేస్తుంది. దాన్నే ఎక్స్‌రన్ అంటారు. ప్రాసెసర్ సగటున ఎంత వేగంగా పనిచేసినా ఇక్కడ లాభం లేదు, ప్రతిసారీ గడువులో ముగించాల్సిందే.

ఆ టక్ పోగొట్టాలని ఎన్నో చేశాను. ఆడియో థ్రెడ్‌కు రియల్‌టైమ్ ప్రాధాన్యం ఇచ్చాను, మెమరీ లాక్ చేశాను, వైఫై ఆపాను, ప్రాసెసర్ వేగం తగ్గకుండా కట్టేశాను. బఫర్ 1024కి పెంచినా అదే తంతు. రాత్రుళ్లు హెడ్‌ఫోన్ పెట్టుకుని వింటూ కూర్చుంటే, లేని టక్‌లు కూడా వినపడసాగాయి. “పోనీలేరా, నేను సర్దుకుని పాడుకుంటాలే” అంది అమ్మ. ఆ మాట నన్ను నిద్రపోనివ్వలేదు.

చివరికి దారి చూపింది హిందోళ రాగం. కల్యాణి ఎంతసేపు పాడినా ఇబ్బంది లేదు. హిందోళంలో పంచమం ఉండదు కనుక ఆ తీగ ఆపి మధ్యమం తీగ మోగించాలి. అలా మార్చిన కాసేపటికి జాక్ మీటరులో లోడు 8 శాతం నుంచి పైకి పాకి 90 దాటింది. మోగే తీగలు నాలుగే, అయినా లోడు అన్ని రెట్లు!

ఆగిన పంచమం తీగ నిజానికి ఆగలేదు. దాని 60 ఫిల్టర్లలోనూ అంకెలు తగ్గీ తగ్గీ, దశాంశ బిందువు తర్వాత 37 సున్నాలు దాటాక వచ్చేంత చిన్నవయ్యాయి. అవి చెవికి నిశ్శబ్దమే. కానీ డీనార్మల్స్ అనే అంత చిన్న అంకెలను చాలా ఇంటెల్ ప్రాసెసర్లు మామూలు దారిలో లెక్కించలేవు. ఒక్కో గుణకారానికి వంద పైచిలుకు సైకిళ్లు పట్టేయవచ్చు. సున్నాకు చేరకుండా అవి అక్కడే ఊగిసలాడుతుంటే గడువు దాటిపోయేది.

విరుగుడు రెండే రెండు బిట్లు. ఇంత చిన్న అంకె వస్తే సున్నాగా తీసుకోమని ప్రాసెసర్‌కు చెప్పే ఎఫ్‌టీజెడ్, డీఏజెడ్ అవి. ఏ థ్రెడ్‌కు ఆ థ్రెడ్‌లోనే పెట్టాలి కనుక జాక్ ప్రతిసారీ పిలిచే ఆడియో కాల్‌బ్యాక్ మొదట్లోనే రాశాను. లోడు మళ్లీ 8కి దిగి, అక్కడే నిలిచింది.

లైనక్స్‌లో వాద్యం రాసుకునేవాళ్లు ధ్వని ఆపేశాక కూడా రెండు మూడు నిమిషాలు లోడు మీటరు చూడండి.