వినెడి చెవి
నైజీరియా దేశమున యొరూబా అను భాష కలదు. అందు స్వరస్థాయులు మూడు: హెచ్చు, నడిమి, తగ్గు. ‘ఒకొ’ అను మాటలో రెండచ్చులను నడిమిస్థాయిని పలికిన భర్త. రెండవదానిని హెచ్చించిన పార, తగ్గించిన వాహనము. రెండింటిని తగ్గించిన ఈటె.

బాలుని గొంతు సన్నము, వృద్ధునిది బొంగురు. అయినను వినువారు పొరపడరు. వారు గమనించునది ఆ కంఠమున ప్రక్కప్రక్క అక్షరములకు గల అంతరము. శ్రుతి మారినను రాగము మారనట్లే యిది.

తెలుగున స్వరస్థాయి కోపమును, ప్రశ్నను తెలుపును గాని పదమును మార్చదు. పరుష సరళములు మార్చును. తమిళలిపిలో క, గలకు అక్షరమొక్కటే. అందుచే మా విద్యార్థులు కొందరు ‘గాలి’ని ‘కాలి’ అని వ్రాయుట మేము చూచుచున్నాము. అది బుద్ధిలోపము కాదు, చెవికి అభ్యాసము చాలకపోవుట. యొరూబా శిశువు స్వరభేదమును ఇంటివారి పలుకులందే గ్రహించును. తల్లిదండ్రులారా, ఇంట తెలుగు మాటాడుడు. చెవి నేర్చిన పిదప కలము తడబడదు.