నిమ్మలకుంటలో నేర్చుకున్న పాఠము

ధర్మవరం అనగానే మనకు పట్టుచీరలే జ్ఞాపకం వస్తాయి. 2023 అక్టోబరులో బంధువుల పెండ్లికి చీరలు కొనడానికి వెళ్ళిన మేము, దగ్గరలోనే ఉన్న నిమ్మలకుంట అనే పల్లె కూడా చూచి వచ్చాము. శ్రీ సత్యసాయి జిల్లాలోని ఈ ఊరు తోలుబొమ్మలకు పేరుపొందినది. ఈ ఊరి కళాకారులు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ ప్రకటించారు.

అక్కడ ఇంటిల్లిపాదీ ఈ పని చేస్తారు. మేకతోలును శుభ్రపరచి, వెలుగు అవతలికి కనిపించేంత పలుచగా గీకి ఆరబెడతారు. దాని మీద బొమ్మ గీసి, రంగులద్ది, చిన్న చిన్న రంధ్రాలు కొడతారు. తెర వెనుక దీపం వెలిగితే ఆ రంధ్రాలే నగలై మెరుస్తాయి. కాళ్ళు చేతులు విడిగా కోసి దారంతో ముడివేస్తారు గనుక బొమ్మ కదులుతుంది. పూర్వము ఆముదపు దీపాలు, ఇప్పుడు కరెంటు బల్బులు.

ఒక పెద్దాయన మా కోసం కాసేపు ఆడించి చూపారు. బొమ్మ పట్టిందీ ఆయనే, పాడిందీ ఆయనే. యుద్ధం ఘట్టం రాగానే కాలి క్రింది చెక్కలను టపటపా తొక్కారు. తెర ముందున్న మాకు సైన్యమే కదిలినట్లయింది. వెనుకకు వెళ్ళి చూస్తే, రెండు పాత చెక్కపలకలు!

"ఉన్నవాటితోనే మోగిస్తామమ్మా" అన్నారాయన నవ్వుతూ.

ఆ మాట నన్ను వదలలేదు. మా సంఘములో సండే స్కూలు పిల్లలకు పాటలు నేర్పేది నేనే. ఆ వేసవిలో వి.బి.యస్. ముగింపు పాటలప్పుడు, శ్రుతి కలవడం లేదని ఒక అబ్బాయిని వెనుక కూర్చోమన్నాను. అప్పటినుండి వాడు గుడిలో నోరు విప్పలేదు.

తిరిగి రాగానే వాళ్ళింటికి వెళ్ళాను. "తప్పు నాది నాయనా, రేపటినుండి రా" అన్నాను. వాడు తల వంచుకొన్నాడు గాని, మరునాడు వచ్చాడు.

క్రిస్మస్‌కు పిల్లలమందరమై నీడబొమ్మలాట తయారుచేశాము. అట్టపెట్టెలు కోసి బొమ్మలు, అయ్యగారి తెల్లపంచె తెర. పాలడబ్బాలో గులకరాళ్ళు పోస్తే గిలక. గాజు గ్లాసులలో నీళ్ళు హెచ్చుతగ్గులుగా పోసి చెంచాతో తడితే స్వరాలు. మరియమ్మ గాడిద మీద వెళ్ళినట్లు సువార్తలో లేదు. అయినా పిల్లలు గాడిద కావాలన్నారు. దాని అడుగుల చప్పుడుకు కొబ్బరి చిప్పలు. అవి ఆ అబ్బాయి చేతికిచ్చాను.

ఆ రాత్రి బేత్లెహేము దారి మధ్యలో గాడిద కాలు ఊడి వేలాడింది! జనమంతా గొల్లున నవ్వారు. నాకు చెమటలు పట్టాయి. ఆ అబ్బాయి మాత్రం ఆగలేదు. టక్... టక్... టక్... అని కుంటి గాడిదలా నెమ్మదిగా మోగించాడు. నవ్వులు చప్పట్లుగా మారాయి. సత్రము తలుపు మూసుకొనే వేళకు అందరూ నిశ్శబ్దమైపోయారు.

చివరి పాటలో తెర వెనుకనుండి వాడి గొంతు అందరికంటె గట్టిగా వినబడింది. శ్రుతి కలవలేదు. నేను ఆపలేదు.

150వ కీర్తనలో బూర, సితారా, తంబుర, పిల్లనగ్రోవి, తాళములు అన్నీ ఉన్నాయి. ఎంత చక్కగా వాయిస్తే అంగీకరిస్తాడో మాత్రం అక్కడ వ్రాయబడలేదు. మన గుడిలో వెనుక కూర్చోబెట్టబడిన బిడ్డ ఎవరైనా ఉన్నారేమో, ఈ ఆదివారమే చూద్దాం.