తలుపు పక్క బెంచీ

ఆషాఢమాసం. లాల్ దర్వాజ బోనాలకు ఇంకా వారం ఉంది. హైదరాబాద్ పాతబస్తీలోని గౌలిపుర గల్లీల్లో అప్పుడే డప్పులు మోగుతున్నాయి. రాత్రి ఏడున్నరకు ఒక తల్లి తన కూతుర్ని చేయి పట్టుకుని నా క్లినిక్‌కు తీసుకొచ్చింది. అమ్మాయికి పంతొమ్మిదేళ్లు, కోఠి దిక్కు ఒక కాలేజీలో డిగ్రీ రెండో సంవత్సరం. మెడలో కొత్త తాయెత్తు, చేతిలో నీళ్ల సీసా. తల్లి ఫైలు తీసి బల్ల మీద పరిచింది. మూడు ఈసీజీలు, ఒక ఎకో, థైరాయిడ్ పరీక్ష రెండుసార్లు. అన్నీ నార్మల్.

"అన్నీ మంచిగనే ఉన్నయంటరు సార్. మరి పిల్లకు పానం పోయినట్టు ఎందుకైతది?"

ఆ ప్రశ్నకు జవాబు చెప్పడం నాకు ఆలస్యంగా వచ్చింది. ప్రాక్టీసు పెట్టిన కొత్తలో ఇలాంటి పిల్లలు వస్తే ఈసీజీ చూసి, "ఏం లేదమ్మా, టెన్షన్ అంతే, ధైర్యంగా ఉండు" అని పంపేవాణ్ని. మంచిమాట చెప్పాననే అనుకునేవాణ్ని. కానీ చచ్చిపోతున్నానన్న భయంతో వచ్చిన మనిషికి "ఏం లేదు" అంటే, నువ్వు చెప్పేది అబద్ధం అన్నట్టే వినిపిస్తుంది. వాళ్లు ఇంకో డాక్టరును వెతుక్కుంటారు, మరో ఈసీజీ తీయించుకుంటారు. ఈ అమ్మాయి విషయంలో అదే జరిగింది.

తల్లిని కాసేపు బయట కూర్చోమని, అమ్మాయిని అడిగాను. ఫిబ్రవరిలో మొదలైందట. మూడో అంతస్తు, నిండా జనం ఉన్న క్లాసు. పొద్దున చాయ్ తప్ప ఏమీ తినలేదు. సార్ బోర్డు మీద రాస్తుండగా గుండె దడదడ కొట్టుకుంది, దమ్ము ఆడలేదు, చేతులు తిమ్మిరెక్కాయి, మాటలు ఎక్కడో దూరం నుంచి వస్తున్నట్టయింది. లేచి బయటికి పరుగెత్తింది. వరండాలో నిలబడ్డాక ఐదు నిమిషాల్లో తగ్గింది.

మర్నాటి నుంచి తలుపు పక్క బెంచీలో కూర్చుంది. నెల తిరిగేసరికి మూడో అంతస్తు క్లాసులు మానేసింది. ఆ తర్వాత అఫ్జల్‌గంజ్ దగ్గర ట్రాఫిక్‌లో బస్సు ఆగితే దిగిపోవడం మొదలైంది. నా దగ్గరికి వచ్చేనాటికి పొద్దున తయారై, టిఫిన్ డబ్బా పట్టుకుని ఇంట్లోంచి బయల్దేరి, ఛత్రినాకలో ఉన్న మేనత్త ఇంట్లో సాయంత్రం దాకా కూర్చుంటోంది. ఇంట్లో తెలియదు. హాజరు 75 శాతానికి చాలా కిందికి పడిపోయింది.

ఇదంతా విన్నాక నేను వాచీ తీసి బల్ల మీద పెట్టాను. "బిడ్డా, ఇప్పుడు మనిద్దరం ఒక్క నిమిషం పరుగెత్తినట్టు గబగబా ఊపిరి పీలుద్దాం. నేను కూడా నీతోపాటే" అన్నాను. ఆస్తమా, ఫిట్స్, గుండెజబ్బు లేవని చూసుకున్నాకే ఈ పని చేయిస్తాను. నలభై సెకన్లు దాటేసరికి నా వేళ్ల కొసలే జివ్వుమన్నాయి. అమ్మాయి పెదవుల చుట్టూ తడుముకుంటూ నా వైపు చూసింది. కళ్లలో నీళ్లు. "ఇదే సార్. గిదే అయితది" అంది. ఆగమన్నాను. ఇద్దరం ఊరికే కూర్చున్నాం. రెండు మూడు నిమిషాల్లో తిమ్మిరి దిగిపోయింది. ఆమె ఎక్కడికీ పరుగెత్తలేదు, ఎవరూ నీళ్లు చల్లలేదు. అయినా దానంతటదే తగ్గింది.

అప్పుడు తల్లిని లోపలికి పిలిచి ఇద్దరికీ కలిపి చెప్పాను. కుక్క మీదికి వస్తే ఒంట్లో అడ్రినలిన్ పొంగుతుంది. గుండె వేగం పెరుగుతుంది, ఊపిరి జోరందుకుంటుంది, కాళ్లు పరుగుకు సిద్ధమవుతాయి. పానిక్ అటాక్‌లో జరిగేది కూడా అదే, కాకపోతే ఎదురుగా కుక్క ఉండదు. అవసరానికి మించి ఊపిరి పీల్చడంతో రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోతుంది. తిమ్మిరి, తల తేలిపోవడం అందువల్లే. ఎంత భయంకరంగా ఉన్నా చాలామందిలో పది నిమిషాల్లో శిఖరానికి చేరి, ఆపైన దిగడం మొదలవుతుంది. కళ్లు తిరిగి అందరి ముందు పడిపోతానేమో అన్నది పిల్లల పెద్ద భయం. మనిషి స్పృహ తప్పేది మామూలుగా బీపీ పడిపోయినప్పుడు. గాబరాలో బీపీ పెరుగుతుంది. ఈ ఒక్క సంగతి తెలిసి ఊపిరి పీల్చుకున్న పిల్లలు నాకు చాలామంది తెలుసు.

ఇంతకంటే ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. ఆ రోజు వరండాలోకి వచ్చాక తగ్గింది కాబట్టి, బయటికి రావడం వల్లే బతికానని మనసు లెక్క రాసుకుంది. లోపలే కూర్చున్నా తగ్గేదన్న సంగతి తెలుసుకునే అవకాశం దానికి రాలేదు. తప్పించుకున్న ప్రతిసారీ ఆ లెక్క గట్టిపడుతుంది. మొదట ఒక క్లాసు, తర్వాత ఒక అంతస్తు, తర్వాత బస్సు, చివరికి చదువు. పానిక్ కాసేపే ఉంటుంది. దాన్ని తప్పించుకునే ప్రయత్నం ఏడాది చదువును తినేస్తుంది.

అలాగని వైద్య పరీక్షలు వద్దనను. గుండె దడ అంటూ వచ్చిన పిల్లల్లో హిమోగ్లోబిన్ ఏడుకు పడిపోయినవాళ్లూ ఉన్నారు, థైరాయిడ్ ఎక్కువైనవాళ్లూ ఉన్నారు. ఒకసారి ఈసీజీ, రక్తహీనత, థైరాయిడ్, షుగర్ చూడాల్సిందే. పరుగెత్తినప్పుడు ఛాతీ నొప్పి వచ్చినా, నిజంగానే స్పృహ తప్పినా అది వేరే లెక్క, దాన్ని పూర్తిగా తేల్చాలి. అన్నీ బాగున్నాయని తేలాక మాత్రం నాలుగో ఈసీజీ కూడా తలుపు పక్క బెంచీ లాంటిదే.

శాలిబండ నుంచి వచ్చే ఒక ఇంజినీరింగ్ కుర్రాడి జేబులో ఎప్పుడూ గాబరా తగ్గించే ఆల్ప్రజోలం మాత్రల స్ట్రిప్ ఉండేది. స్నేహితుడు ఇచ్చాడు, తర్వాత మందుల షాపులో చీటీ లేకుండానే దొరికింది. వేసుకుంటే అరగంటలో హాయిగా ఉంటుంది, నిజమే. కొన్ని వారాలకు ఒకటి సరిపోదు, మానేస్తే గాబరా రెండింతలవుతుంది, చదివింది బుర్రకెక్కదు. అతన్ని సైకియాట్రిస్టు దగ్గరికి పంపి, కొద్దికొద్దిగా మోతాదు తగ్గించి మాన్పించడానికి నెలలు పట్టింది. అసలు జబ్బుకు వాడే సెర్ట్రాలిన్ లాంటి మందులు వేరు. అవి పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది, మొదటి రోజుల్లో గాబరా కాస్త పెరగనూవచ్చు. ఆ మాట ముందే చెప్పకపోతే పిల్లలు మూడో రోజే ఆపేస్తారు.

మరో అబ్బాయి మొఘల్‌పురా వాడు, పదో తరగతి దాకా ఉర్దూ మీడియం. పీజీలో ఇంగ్లీషులో సెమినార్ ఇవ్వమన్నారు. పేరు పిలవగానే గొంతు మూసుకుపోయింది. 1918లో ఏర్పడిన ఉస్మానియా యూనివర్సిటీలో ఒకప్పుడు పాఠాలు ఉర్దూలోనే చెప్పేవారు, తర్వాత చేరిన వైద్యం, ఇంజినీరింగ్ కూడా. అదే హైదరాబాద్‌లో ఈ పిల్లవాడు ఇంగ్లీషు రాక నోరు తెరవలేక, తనకే బుర్ర లేదనుకున్నాడు. తెలుగు మీడియం పిల్లలదీ ఇదే బాధ. తప్పు పిల్లల్లో లేదు. మొదట చిన్న గుంపు ఎదుట మాట్లాడించే ఓపిక వాళ్ల టీచర్లకు ఉండాలి.

సైకియాట్రిస్టు అనగానే మా దగ్గర వినిపించే మాట "ఎర్రగడ్డకా సార్?" అక్కడి మానసిక ఆసుపత్రి పేరును తిట్టుగా వాడి వాడి, సాయం అందాల్సిన పిల్లల్ని మనమే దూరం చేశాం. మానసిక సమస్యలకు ఫోన్‌లో సాయం చేసే ప్రభుత్వ సేవ టెలి మానస్ నంబరు 14416. 2022 అక్టోబరు నుంచి నడుస్తోంది, ఖర్చు లేదు, రాత్రీపగలూ పలుకుతుంది, తెలుగులో మాట్లాడవచ్చు. చాలామంది మొదటి మాట అక్కడే చెప్పుకోగలుగుతారు.

కాలేజీలకూ ఇందులో బాధ్యత ఉంది. విశాఖపట్నంలో నీట్ కోచింగ్‌లో ఉన్న పదిహేడేళ్ల అమ్మాయి 2023లో చనిపోయింది. ఆ కేసులో 2025 జులై 25న సుప్రీంకోర్టు దేశమంతటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. వందమంది, అంతకు మించి విద్యార్థులున్న సంస్థల్లో శిక్షణ పొందిన కౌన్సెలర్ ఒక్కరైనా ఉండాలని అందులో ఉంది. అప్పటి నుంచి నా దగ్గరికి వచ్చే ప్రతి విద్యార్థినీ అడుగుతున్నాను, మీ కాలేజీలో కౌన్సెలర్ ఎవరని. తెలియదనే ఎక్కువమంది చెబుతున్నారు.

కోఠి కాలేజీ అమ్మాయికి మేం పెట్టుకున్న పద్ధతి చిన్నది. పొద్దున ఇంత తిని బయల్దేరాలి. మొదటి వారం ఖాళీగా ఉన్నప్పుడు మూడో అంతస్తు క్లాసులో స్నేహితురాలితో పదిహేను నిమిషాలు కూర్చోవాలి. తర్వాత పాఠం జరుగుతుండగా తలుపు పక్కన, ఆపైన ఒక్కో బెంచీ లోపలికి. దడ వస్తే దాంతో కొట్లాడకుండా, నెమ్మదిగా ఊపిరి వదులుతూ, సార్ చెప్పేది రాసుకుంటూ ఉండాలి. నోట్సులో అక్షరాలు వంకర పోయినా సరే. ఒక థెరపిస్టు వారానికోసారి మాట్లాడింది. మధ్యలో అమ్మాయి రెండుసార్లు క్లాసులోంచి లేచి బయటికి వెళ్లిపోయింది, మర్నాడు మళ్లీ వెళ్లి కూర్చుంది. దసరా నాటికి నాలుగో బెంచీకి చేరింది. కానీ హాజరు చాలక ఒక సెమిస్టర్ పోయింది.

ఆ సెమిస్టర్ పోనవసరం లేదు. లెక్చరర్లను నేను అడిగేది ఇదొక్కటే. పాఠం మధ్యలో ఒక పిల్ల లేచి బయటికి వెళితే అందరి ముందు నిలదీయకండి. క్లాసు అయ్యాక వరండాలో ఒక్క నిమిషం ఆగి "ఏమైందమ్మా?" అని అడగండి. వారం రోజులు వరుసగా రాకపోతే ఒక ఫోన్ చేయండి.